నల్లరాయి, తెల్లపత్తి, మధ్యలో ముల్లు: పెంటాక్స్ కె1000తో ఫొటో తీయడం

రామప్ప గుడి చూరు కింద వాలుగా నిలబడ్డ మదనికను (స్త్రీ శిల్పాన్ని) ఫ్రేము నిండా పెట్టుకుని, పాత ఫిల్మ్ కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ ముల్లు చెప్పినట్టే తీస్తే, నిగనిగలాడే ఆ నల్లరాయి బూడిద రంగులో వస్తుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో పత్తి కుప్పను అలాగే ఫ్రేము నిండా తీస్తే అదీ బూడిద రంగులోనే వస్తుంది. ఒకటి కాటుక నలుపు, ఇంకొకటి మల్లెపువ్వు తెలుపు, ఫొటోలోకి వచ్చేసరికి రెండిటికీ ఒకే రంగు. పాత ఎస్ఎల్ఆర్ (లెన్సులోంచే చూసి తీసే కెమెరా) కొత్తగా చేతికొచ్చినవాళ్లు మొదటి రీలు కడిగించుకుని ఇది చూసి, మీటర్ పోయిందని కెమెరాను మళ్లీ అటక మీద పెట్టేస్తుంటారు. చాలాసార్లు మీటర్ బాగానే ఉంటుంది. ఎదుట ఉన్నది ఏదైనా సరే, అది నలుపూ తెలుపూ కాని మధ్య రకం బూడిద రంగే అనుకుని లెక్క వేయడం దాని పని. ఆ లెక్కను ఎక్కడ నమ్మాలో, ఎక్కడ దాటాలో తెలిస్తే చాలు, ఈ కెమెరాలో మిగతావన్నీ రెండు మూడు రీళ్లలో చేతికి అలవాటైపోతాయి.

ఇది నేర్చుకోవడానికి పెంటాక్స్ కె1000 కన్నా మంచి కెమెరా దొరకడం కష్టం, ఎందుకంటే అందులో సొంతంగా నిర్ణయం తీసుకునే భాగం ఒక్కటీ లేదు. జపాన్‌కు చెందిన ఆసాహి ఆప్టికల్ కంపెనీ 1975లో స్క్రూలా తిప్పి బిగించే పాత లెన్సులను వదిలేసి కె మౌంట్‌కు మారింది, లెన్సును గాడిలో పెట్టి కొద్దిగా తిప్పితే టక్కున కూర్చుంటుంది. ఆ మౌంట్‌తో మొదట కె2, కెఎక్స్, కెఎం అని మూడు కెమెరాలు వచ్చాయి. వాటిలో కెఎం నుంచి సెల్ఫ్ టైమర్ లాంటివి తీసేసి, ధర తగ్గించి 1976లో అమ్మకానికి పెట్టిందే కె1000. చవక మోడల్‌గా మొదలైన ఈ కెమెరా 1997 దాకా తయారవుతూనే ఉంది, 30 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. తయారీ జపాన్ నుంచి హాంకాంగ్‌కు, ఆఖరి రోజుల్లో చైనాకు వెళ్లింది. మొదటి వాటి పైభాగం లోహం, చివరి కాలం వాటిలో ప్లాస్టిక్ చేరింది, ఇప్పుడు పాతది కొనేవాళ్లు మొదటివాటినే ఎక్కువగా వెతుక్కునేది అందుకే.

లోపల జరిగేది తెలిస్తే వాడకం తేలికవుతుంది. లెన్సు వెనక 45 డిగ్రీల వాలులో ఒక అద్దం ఉంటుంది. లెన్సు గుండా వచ్చిన వెలుతురును అది పైకి కొడుతుంది, పైన ఒక గరుకు గాజు పలక మీద బొమ్మ పడుతుంది, దాన్ని పెంటాప్రిజం అనే పలకల గాజుముక్క అటూ ఇటూ తిప్పి సరిగ్గా నిలబెట్టి కంటికి అందిస్తుంది. కెమెరా నెత్తి మీద కనిపించే మూపురం అదే. కాబట్టి కన్ను చూసేదీ, ఫిల్మ్ మీద పడబోయేదీ ఒకే లెన్సు నుంచి వస్తాయి. బటన్ నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, అపర్చర్ (లెన్సు లోపలి రంధ్రం) మనం పెట్టిన అంకెకు ముడుచుకుంటుంది, గుడ్డతో చేసిన మొదటి షట్టర్ తెర పక్కకు పరిగెత్తుతుంది, దాని వెనకే రెండో తెర వచ్చి మూసేస్తుంది, అద్దం కిందికి దిగుతుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది, కానీ ఆ రెప్పపాటులో వ్యూఫైండర్ చీకటి అవుతుంది. అంటే ఫిల్మ్ మీద పడిన క్షణాన్ని తీసినవాళ్ల కన్ను చూడదు. ముఖం మీద నవ్వు వచ్చాక నొక్కితే ఆలస్యమైనట్టే, నవ్వు వస్తుండగా నొక్కాలి, పాత పెళ్లి ఫొటోగ్రాఫర్లకు ఇది వేళ్లలో ఉండేది. లేచిన అద్దం తనంతట తానే కిందికి రావడం కూడా ఒకప్పుడు కొత్త సంగతే. 1954లో ఇదే కంపెనీ ఆసాహిఫ్లెక్స్ 2బి అనే కెమెరాతో దాన్ని తెచ్చింది, అంతకు ముందు చాలా ఎస్ఎల్ఆర్‌లలో రీలు తిప్పితే గాని మళ్లీ బొమ్మ కనబడేది కాదు.

వ్యూఫైండర్‌లో చూస్తే మధ్యలో చిన్న గుండ్రం ఉంటుంది, అక్కడ ఫోకస్ తప్పితే బొమ్మ నూనెలో మరుగుతున్నట్టు మిలమిలలాడుతుంది, ఫోకస్ కుదరగానే నిలకడగా ఆగిపోతుంది. కుడిపక్కన ఒక ముల్లు ఉంటుంది, పైన ప్లస్, కింద మైనస్. వెలుతురు ఎక్కువైతే ముల్లు పైకి, తక్కువైతే కిందికి, మధ్యలో ఆగితే మీటర్ ప్రకారం సరిపోయినట్టు. అంతే. ఏ వేగం పెట్టామో, ఏ అపర్చర్ పెట్టామో లోపల కనబడదు, కన్ను తీసి బయట చూసుకోవాలి. ఇది లోపమే, కానీ దీని వల్ల ఒక మంచి అలవాటు వస్తుంది, కెమెరా కంటికి ఎత్తకముందే రెండు అంకెలూ పెట్టుకోవడం.

ఆ రెండు అంకెల లెక్క చిన్నదే. షట్టర్ వేగం 1 సెకను నుంచి 1/1000 దాకా ఉంటుంది, ఒక్కో మెట్టుకు వెలుతురు సగమవుతుంది. అపర్చర్ కూడా అంతే, ఎఫ్/2 నుంచి 2.8, 4, 5.6, 8, 11, 16, 22 అని ఒక్కో మెట్టుకు సగం, ఈ మెట్టునే స్టాప్ అంటారు. ఒకదాన్ని ఒక స్టాప్ తగ్గించి ఇంకొకదాన్ని ఒక స్టాప్ పెంచితే ఫిల్మ్ మీద పడే వెలుతురు మారదు. మీటర్ లేకపోయినా పనికొచ్చే పాత సూత్రం ఒకటుంది: నిండు ఎండలో అపర్చర్ ఎఫ్/16 పెట్టి, వేగాన్ని ఫిల్మ్ ఐఎస్ఓకు (వెలుతురుకు ఆ ఫిల్మ్ ఎంత చురుగ్గా స్పందిస్తుందో చెప్పే అంకెకు) దగ్గరి అంకె మీద పెట్టాలి. 100 ఫిల్మ్‌కు 1/125, 400 ఫిల్మ్‌కు 1/500. మన దగ్గర ఫిబ్రవరి నుంచి మే దాకా పొద్దున తొమ్మిది దాటాక ఈ సూత్రం దాదాపు తప్పదు, మబ్బు లేని ఎండ రోజూ అదే కొలతలో కాస్తుంది. ఎండ పొడ తగలని నీడలోకి వస్తే మూడు స్టాపులు తెరవాలి, అంటే ఎఫ్/5.6.

ఇక్కడే కె1000కున్న ఒక గట్టి హద్దు బయటపడుతుంది. వెనక అంతా మసకగా, ముఖం ఒక్కటే తేటగా రావాలని ఎఫ్/2 పెట్టుకుంటారు చాలామంది. మధ్యాహ్నం ఎండలో 100 ఫిల్మ్ వేసినా ఎఫ్/2కు 1/8000 వేగం కావాలి, ఈ కెమెరా 1/1000 దగ్గరే ఆగిపోతుంది. ఎండలో నిలబెట్టి ఎఫ్/2తో తీయడం దీనితో అయ్యే పని కాదు, మనిషిని వేపచెట్టు నీడకు పిలవాలి. ఆ నీడలో అదే ఫిల్మ్‌కు ఎఫ్/2, 1/1000 సరిగ్గా సరిపోతుంది. ముఖం మీద గుచ్చే నీడలూ ఉండవు.

ఇక మళ్లీ ముల్లు దగ్గరికి. కె1000 మీటర్ ఫ్రేములో కనబడేదాన్నంతా కలిపి ఒకే సగటుగా చూస్తుంది. 1213లో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడి ఈ సగటును తికమక పెట్టడానికే ఉన్నట్టుంటుంది: గోడలు ఎర్రటి ఇసుకరాయి, చూరు కింది మదనికలు నల్లరాయి, వెనక తెల్లగా మండే ఆకాశం. కింద నిలబడి పైకి గురిపెడితే ఫ్రేములో ఆకాశమే ఎక్కువ, ముల్లు పైకి ఎగురుతుంది, దాన్ని మధ్యకు తేవాలని అపర్చర్ మూసుకుంటూ పోతే శిల్పం నల్లటి ఆకారంగా మిగులుతుంది, మెడలో హారమూ కాలి ఎత్తుమడమ చెప్పూ ఏవీ కనబడవు. పోనీ ఆకాశం తగలకుండా దూరాన్ని దగ్గరికి లాగే లెన్సుతో శిల్పాన్నే నింపితే, మీటర్ దాన్ని బూడిద చేయాలని చూస్తుంది, రాయి వెలిసిపోయినట్టు వస్తుంది. రెండు సమాధానాల్లో ఏదీ రాయిది కాదు.

దీనికి మందు అరచేతిలోనే ఉంది. శిల్పం మీద ఏ వెలుతురు పడుతోందో అదే వెలుతురులో, అదే వైపుకు అరచేయి చాపి, లెన్సుకు దగ్గరగా ఫ్రేము నిండా పెట్టి ముల్లు మధ్యకు తేవాలి, ఫోకస్ అక్కర్లేదు. అరచేయి ఆ మధ్య రకం బూడిద కన్నా సుమారు ఒక స్టాప్ లేత రంగు, ఒంటి రంగు ఎలా ఉన్నా అరచేతుల్లో తేడా తక్కువ. అందుకని వచ్చిన అంకె నుంచి ఒక స్టాప్ తెరిచి తీస్తే సరి. చేయి ఎర్రటి గోడనూ పట్టించుకోదు, ఆకాశాన్నీ పట్టించుకోదు, పడుతున్న వెలుతురును మాత్రమే చెబుతుంది. అప్పుడు నల్లరాయి నల్లగా వస్తుంది, ఆ నలుపులోనే నిగారింపు కూడా వస్తుంది.

పత్తి దగ్గర తప్పు ఇంకో రకం, దీని గురించి ఎవరూ సరిగా చెప్పరు. ముల్లు మాట విని పత్తి కుప్పను తీస్తే ఒకటిన్నర, రెండు స్టాపుల వెలుతురు తక్కువ పడుతుంది. పత్తికి పెద్ద నష్టం లేదు, దాని వివరమంతా నెగెటివ్‌లో ఉంటుంది, ల్యాబ్‌లో తెల్లగా చేసుకోవచ్చు. పోయేది కుప్ప పక్కన తలకు తువ్వాలు చుట్టుకుని నిలబడ్డ హమాలీ ముఖం. ఎండలో తువ్వాలు నీడ పడి అసలే చీకటిగా ఉన్న కళ్లు ఇంకో రెండు స్టాపులు కిందికి పోతాయి, నెగెటివ్‌లో అక్కడ ఏమీ ఉండదు, ఏ ల్యాబూ తిరిగి తేలేదు. నెగెటివ్ ఫిల్మ్ ఎక్కువ వెలుతురును రెండు మూడు స్టాపుల దాకా తట్టుకుంటుంది, తక్కువ వెలుతురును తట్టుకోదు. కాబట్టి పత్తి యార్డులో లెక్క ముఖానికి వేసుకోవాలి, పత్తి ఎలాగూ బతుకుతుంది. మిర్చి సీజన్‌లో అదే యార్డులో ఈ చిక్కు రాదు, ఎండుమిర్చి ఎరుపు మధ్య రకం వెలుతురుకు దగ్గరగానే ఉంటుంది, ముల్లును నమ్మొచ్చు.

మీటర్‌కు ఇంకో గుణం ఉంది. అందులో వెలుతురును చూసేది కాడ్మియం సల్ఫైడ్ ముక్క, దానికి ఎండ గుర్తుండిపోతుంది. హనుమకొండ వేయిస్తంభాల గుడి ముందు ఎండలో నందిని తీసి, వెంటనే మంటపం లోపలికి వెళ్లి గురిపెడితే ముల్లు కాసేపు అబద్ధం చెబుతుంది, మన కళ్లకు చీకటి అలవాటు కావడానికి పట్టినట్టే దానికీ కొంత సమయం పడుతుంది. కెమెరా ఎత్తి పట్టుకుని ముల్లు కదలడం పూర్తిగా ఆగేదాకా చూడాలి. లోపల స్తంభాల మధ్య 400 ఫిల్మ్‌తో ఎఫ్/2 దగ్గర 1/30 లాంటి వేగం వస్తే ఆశ్చర్యం లేదు. 50 ఎంఎం లెన్సును చేత్తో పట్టుకుంటే 1/60 దాకా భయం లేదు, 1/30కి మోచేతులు పక్కటెముకలకు ఆనించి, ఊపిరి వదిలి ఆపి, మెల్లగా నొక్కాలి. పురావస్తు శాఖ కట్టడాల్లో స్టాండ్ వాడాలంటే అనుమతి కావాలి, అందుకే స్టాండ్ మీద ఆశ పెట్టుకోకుండా వెళ్లడం మంచిది.

బతుకమ్మ రాత్రి కూడా ఇదే సమస్య, పైగా మనుషులు తిరుగుతుంటారు, 1/30కి చేతులన్నీ చెదిరిపోతాయి. బ్లాక్ అండ్ వైట్ 400 ఫిల్మ్ వేసి, ఐఎస్ఓ చక్రాన్ని 1600 మీద పెట్టి, కడిగేటప్పుడు ఎక్కువసేపు కడిగితే 1/30 కాస్తా 1/125 అవుతుంది. ఫొటోలో రేణువు (చుక్కల గరుకుదనం) పెరుగుతుంది, నీడలు గడ్డకడతాయి. తంగేడు పసుపు పోయినా చప్పట్లు కొట్టే చేతులు మిగులుతాయి, ఆ రాత్రికి చేతులే ముఖ్యమనిపిస్తే ఈ బేరం మంచిదే. రీలు మొత్తం 1600కే తీయాలి, సగంలో మార్చకూడదు.

ఫ్లాష్ పెడితే వేగం 1/60 దాటకూడదు. గుడ్డ తెరలు పక్కకు పరిగెత్తే షట్టర్ ఇది, 1/60 దాటితే మొదటి తెర పూర్తిగా తెరుచుకోకముందే రెండోది బయల్దేరుతుంది, ఫ్రేములో ఒక పక్క నల్ల పట్టీ వస్తుంది. పాత పెళ్లి ఆల్బమ్‌లలో సగం చీకటైన ఫొటో కనబడితే చాలావరకు కారణం ఇదే.

రీలు వేయడం దగ్గరే కొత్తవాళ్లకు టెన్షన్, అది న్యాయమైన టెన్షనే. రివైండ్ గుబ్బను పైకి లాగితే వెనక మూత తెరుచుకుంటుంది. రీలు ఎడమవైపు పెట్టి, నాలుకను కుడివైపు కడ్డీ చీలికలో దూర్చి, ఒకసారి లీవర్ తిప్పి, పక్క చిల్లులు పళ్ల మీద కూర్చున్నాయో లేదో చూసి మూత వేయాలి. రివైండ్ గుబ్బ మీది పిడిని బాణం వైపు మెల్లగా తిప్పి వదులు తీసేయాలి. ఆ తరవాత లీవర్ తిప్పిన ప్రతిసారీ ఆ గుబ్బ దానంతటదే వెనక్కి తిరగాలి. తిరగకపోతే రీలు జారిపోయింది, ఫ్రేముల అంకె మాత్రం ముందుకు పోతూనే ఉంటుంది, 36 ఫొటోలు తీశామనుకుని ఖాళీ రీలు కడిగించుకుంటారు. అంకెను నమ్మొద్దు, గుబ్బను చూడాలి. ఫిల్మ్ డబ్బా మీది గళ్ల గుర్తులను ఈ కెమెరా చదవలేదు కాబట్టి, షట్టర్ చక్రం అంచును పైకెత్తి తిప్పి ఐఎస్ఓ మనమే పెట్టుకోవాలి. అయిపోయాక అడుగున ఉన్న చిన్న బటన్ నొక్కి, పిడి తిప్పి మొత్తం డబ్బాలోకి చుట్టేశాకే మూత తీయాలి.

బ్యాటరీ ఒకే ఒక ఎల్ఆర్44 బిళ్ల, అదీ మీటర్‌కే, అది లేకపోయినా అన్ని వేగాలూ పనిచేస్తాయి. మీటర్‌కు స్విచ్ లేదు, లెన్సు మూత పెడితేనే బ్యాటరీ నిలుస్తుంది. ఐఎస్ఓ 100 మీద, వేగం బి (బటన్ నొక్కినంతసేపు షట్టర్ తెరిచి ఉండే గుర్తు) మీద పెట్టి వెలుతురు వైపు చూసినప్పుడు ముల్లు పైకి లేస్తే బ్యాటరీలో జీవం ఉన్నట్టు.

పాతది కొనేముందు ఖాళీ కెమెరా వెనక మూత తెరిచి, లెన్సులోంచి కిటికీ వైపు చూస్తూ అన్ని వేగాల్లోనూ నొక్కి చూడాలి. 1 సెకను నిజంగా సెకను ఉందా, మధ్యలో ఆగిపోతోందా అన్నది చెవికే తెలుస్తుంది. 1/1000 దగ్గర ఫోన్‌లో స్లో మోషన్ తీస్తే తెరలు రెండూ సమానంగా కదులుతున్నాయో లేదో కొంత అర్థమవుతుంది, వేళ్లాడే తెర ఉంటే ఫొటోలో ఒక పక్క చీకటి వస్తుంది. మూత అంచు గాడుల్లోని నల్ల స్పాంజ్ నలభై ఏళ్లకు జిగట తారులా మారి ఉంటుంది, దాన్ని గీకి కొత్తది అంటించకపోతే వెలుతురు చొరబడి ఫ్రేముల మీద ఎర్రటి మచ్చలు పడతాయి. ఇది చిన్న ఖర్చుతో ఇంట్లోనే అయ్యే పని. ఫంగస్ మాత్రం చిన్న సంగతి కాదు. టార్చి వెనక నుంచి వేసి చూస్తే లెన్సు లోపల సాలెగూడు లాంటి పోగులు కనబడితే ఆ లెన్సు వదిలేయడమే మేలు, కె మౌంట్ లెన్సులు ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. తోలు కేసులో పెట్టి బీరువాలో దాచడమే దీనికి మూలం, వానాకాలం తేమను తోలు పీల్చుకుని లెన్సుకు ఇస్తుంది. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, రెండు సిలికా జెల్ పొట్లాలు, నెలకోసారి ఎండపొడ, అంతకు మించిన సంరక్షణ అక్కర్లేదు.

ఒకప్పుడు ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరుతో బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ మన దేశంలోనే చేసేది, ఇప్పుడు కొనేదంతా దిగుమతే, ఒక్కో రీలు ఖరీదు కాబట్టి కడగడంలో పోగొట్టుకోకూడదు. వరంగల్‌లో ఇంట్లో కడుక్కునేవాళ్లకు అసలు శత్రువు నీళ్ల వేడి. మేడ మీద ట్యాంకు నుంచి మే నెల మధ్యాహ్నం వచ్చే నీళ్లలో చేయి పెట్టలేం. ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ అనే 400 బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌ను డి-76 అనే డెవలపర్ (బొమ్మను తేల్చే మందు)లో 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు కడగాలి, 24 డిగ్రీలకే అది సుమారు ఐదున్నర నిమిషాలకు పడిపోతుంది. సమయం ఐదు నిమిషాల కన్నా తగ్గితే ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ కడిగి మరకలు పడతాయి. డెవలపర్‌లో సమానంగా నీళ్లు కలిపితే సమయం పెరిగి చేతిలోకి వస్తుంది. ఐస్‌ను కవర్లో కట్టి డెవలపర్ సీసా ఉన్న బకెట్‌లో వేయాలి, నేరుగా మందులో వేయకూడదు. ఆఖరున కడిగే నీళ్లు కూడా అదే చల్లదనంలో ఉండాలి. కలర్ రీలుకు కావాల్సింది 37.8 డిగ్రీలు, అక్కడ అర డిగ్రీ తేడా కూడా పనికిరాదు, మూడుంపావు నిమిషాల ఆట అది, ల్యాబ్‌కు పంపడమే నయం.

కడిగి ఆరేసిన రీలును కిటికీకి అడ్డంగా పట్టుకుని చూస్తే అన్నీ తలకిందులు: పత్తి నల్లగా, మదనిక తెల్లగా. చూడాల్సింది మదనికనే. ఆ లేత భాగంలో హారం గీతలు, నడుము మడతలు సన్నగానైనా కనబడితే వెలుతురు చాలినట్టు. అక్కడ రీలు అంచులాగే ఖాళీ గాజులా ఉంటే చాలలేదు, తరవాతి 400 రీలుకు ఐఎస్ఓ చక్రాన్ని 200 మీద పెట్టుకుని తీసి, కడిగే సమయం మాత్రం మార్చకుండా ఉంచాలి.